రాక్ బ్యాండ్ అభిమాని మీద డాక్యుమెంటరీ: పాట వినిపించకుండా తీయవచ్చా?

ప్రశ్న

మా బాబాయి దాదాపు నలభై ఏళ్లుగా పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బ్యాండ్ అభిమాని. ఆయన మీద అరగంట నిడివిగల డాక్యుమెంటరీ ఒకటి తీస్తున్నాను. చిత్రీకరణ చాలావరకు ముగిసింది కానీ ఎడిటింగ్ దగ్గర రెండు చిక్కులు వచ్చిపడ్డాయి. ఆయన మాట్లాడే ప్రతి దృశ్యంలోనూ వెనక ఏదో ఒక పాట మోగుతూనే ఉంటుంది; వాటి హక్కులు కొనే స్తోమత నాకు లేదు. రెండవ చిక్కు ఇంకా ఇబ్బందికరమైనది. ఇంతవరకు కూర్చినది చూసిన స్నేహితులు నవ్వారు.

వాళ్లు అన్నిటికంటే ఎక్కువగా నవ్విన దృశ్యం ఇది. 1973లో వచ్చిన ఆ బ్యాండ్ ఆల్బమ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఎల్పీ రికార్డులో ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ అనే పాటతో మొదటి వైపు అయిపోతుంది, రికార్డు తిప్పి పెడితేనే ‘మనీ’ మొదలవుతుంది. బాబాయి రికార్డు ప్లేయరు పాడై చాలా ఏళ్లయింది, ఇప్పుడు ఫోనులోనే వింటారు. అయినా మొదటి వైపు ముగించే ఆ పాట చివర గొంతు సన్నగిల్లుతుండగానే ఆయన రెండు చేతులూ కుర్చీకి ఆనించి సగం లేస్తారు, అంతలోనే తిప్పడానికి ఏమీ లేదని గుర్తొచ్చి మెల్లగా కూర్చుంటారు. అసలు నాకు ఈ సినిమా తీయాలని అనిపించిందే అది చూసి. దానికే జనం నవ్వితే ఏం చేయాలి? ఆయనను నవ్వులపాలు చేసిన పాపం నాకు వద్దు.

సమాధానం 1

ముందు హక్కుల సంగతి తేల్చుకోండి. ఒక పాటను సినిమాలో వాడాలంటే రెండు వేర్వేరు అనుమతులు కావాలి: పాట రచనకు, బాణీకి సంబంధించినది ఒకటి, ఆ రికార్డింగుకు సంబంధించినది మరొకటి. ఈ రెండూ సాధారణంగా ఒకే చేతిలో ఉండవు. పది సెకన్లో ముప్పై సెకన్లో అయితే అడగనక్కరలేదని చాలామంది చెబుతుంటారు కానీ అలాంటి నియమమేదీ లేదు. గదిలో దానంతట అది మోగుతున్న పాటే కదా అని వదిలేయడమూ క్షేమం కాదు.

అయితే పాట లేకపోవడం లోటని మీరు ముందే అనుకుంటున్నారు, నేను మాత్రం అనుకోవడం లేదు. గోర్మన్ బెచార్డ్ 2011లో ‘ద రీప్లేస్‌మెంట్స్’ అనే బ్యాండ్ మీద ‘కలర్ మీ అబ్సెస్డ్’ అని ఒక డాక్యుమెంటరీ తీశారు. రెండు గంటల ఆ సినిమాలో ఆ బ్యాండ్ పాట ఒక్కటి కూడా వినిపించదు. అభిమానులు, తోటి సంగీతకారులు చెప్పుకుంటూ పోతారు, మనం వింటూ పోతాం. ఒకే కచేరీని ఇద్దరు రెండు రకాలుగా గుర్తుపెట్టుకుంటే ఏది నిజమో తేల్చడానికి తెర మీద మరో ఆధారం ఉండదు కాబట్టి, చెప్పేవాడి ముఖమే మనకు మిగులుతుంది. మీకు కావలసింది కూడా అదే.

పనికొచ్చే సలహా ఒకటి. ఆ కుర్చీ దృశ్యాన్ని మళ్లీ తీయండి, ఈసారి ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టించండి. పాట ఆయనకు వినిపిస్తుంది, మనకు గది మాత్రమే వినిపిస్తుంది.

సమాధానం 2

హెడ్‌ఫోన్ల ఆలోచన బాగుంది, కానీ దానివల్ల నవ్వు ఆగకపోగా పెరిగే ప్రమాదం ఉంది. పాట వినిపించని గదిలో ఒక పెద్దాయన ఉన్నట్టుండి సగం లేచి కూర్చుంటే, కారణం తెలియని ప్రేక్షకుడు నవ్వక ఏం చేస్తాడు? మీ స్నేహితుల తప్పు లేదు, తప్పు దృశ్యాల వరసలో ఉంది. ఎల్పీకి రెండు వైపులుంటాయని, మొదటి వైపు ఎక్కడ ఆగుతుందో, తిప్పేటప్పుడు రికార్డును అంచుల మీద ఎలా పట్టుకోవాలో బాబాయి చేతనే ముందు చెప్పించండి. పాత అట్టను విప్పి చూపించే దృశ్యం మీ దగ్గర ఉండే ఉంటుంది, దాన్ని అక్కడ వాడండి. ఆ తరువాత పది నిమిషాలు ఆ ఊసే ఎత్తకుండా వేరే విషయాలు నడిపి, అప్పుడు కుర్చీ దృశ్యం పెడితే, ఆయన చేయి కదలకముందే ప్రేక్షకుడికి విషయం అందుతుంది.

అభిమానిని చూసి నవ్వే సినిమాలు లేకపోలేదు. జాన్ హేన్, జెఫ్ క్రూలిక్ 1986 మే 31న అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో జూడస్ ప్రీస్ట్ అనే హెవీ మెటల్ బ్యాండ్ కచేరీ జరగబోయే ప్రాంగణం బయట, కార్లు నిలిపే చోట కుర్రాళ్ల ముందు మైకు పెట్టి ‘హెవీ మెటల్ పార్కింగ్ లాట్’ తీశారు. పదిహేడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా ఉండే ఆ సినిమా వీడియో టేపుల నకళ్లుగా చేతులు మారుతూ పేరు తెచ్చుకుంది. నవ్వొస్తుంది, నిజమే. కానీ అక్కడ ఎవరితోనూ ఒకటి రెండు నిమిషాలకు మించి మనం ఉండం. మీరు అరగంటా ఒకే మనిషితో ఉండబోతున్నారు కాబట్టి ఆ పోలిక మీకు వర్తించదు.

విషయానికి కొంచెం పక్కగా ఒక మాట. పింక్ ఫ్లాయిడ్ 1971 అక్టోబరులో ఇటలీలోని పాంపే అనే ప్రాచీన నగర శిథిలాల్లోని రంగస్థలంలో శ్రోతలెవరూ లేకుండా వాయిస్తుండగా ఏడ్రియన్ మేబెన్ సినిమా తీశారు. అందులో బ్యాండ్ ఉంది, శ్రోత లేడు. మీ సినిమాలో శ్రోత ఉన్నాడు, బ్యాండ్ లేదు. బాబాయి గారికి ఈ సంగతి చెప్పి చూడండి, తప్పకుండా మాట్లాడతారు.

సమాధానం 3

నా అభ్యంతరం వేరు. మీ ప్రశ్నలో బాబాయి ఒక్కరే ఉన్నారు. నలభై ఏళ్లు ఒకే ఇంట్లో ఆ పాటలు మోగితే, అడగకుండానే వాటిని విన్నవాళ్లు కూడా ఉంటారు కదా? వాళ్లు లేకపోతే మీరు తీసేది భజన అవుతుంది, డాక్యుమెంటరీ కాదు. అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ మీద అభిమానులే తీసి పంపిన వీడియోలతో కూర్చిన ‘స్ప్రింగ్‌స్టీన్ అండ్ ఐ’ (2013) చాలా చోట్ల అచ్చంగా స్తోత్రంలాగే సాగుతుంది. అయితే అందులో ఒక భర్త కనిపిస్తాడు. భార్య పోరు పడలేక కచేరీలకు వెళ్లే ఆయన, కచేరీలు కాస్త చిన్నవిగా చేయమని స్ప్రింగ్‌స్టీన్‌ను వేడుకుంటాడు. సినిమా మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆయనే. మీ పిన్ని గారిని అడిగారా?

ప్రశ్న అడిగిన వ్యక్తి

ముగ్గురికీ కృతజ్ఞతలు. పిన్నిని లోగడ అడిగాను, “నాకా గోల తెలియదు” అని కెమెరా ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. అందుకే ఆమెను పూర్తిగా వదిలేశాను.

నిన్న సాయంత్రం హెడ్‌ఫోన్లతో మళ్లీ తీశాను. పిన్ని పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటోంది, ఆమె చట్రంలోకి వస్తుందని నేను అనుకోలేదు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి బాబాయి చేతులు కుర్చీకి ఆనాయి, కుర్చీ కిర్రుమంది. పిన్ని పేపరులోంచి తలెత్తకుండానే, “తిప్పక్కర్లేదు, కూర్చోండి” అంది. చెవులకు హెడ్‌ఫోన్లున్న ఆయనకు ఆ మాట వినిపించే అవకాశమే లేదు.

రెండవ సమాధానంలో చెప్పినట్టు రికార్డు అట్ట దృశ్యాన్ని ముందుకు జరుపుతున్నాను. పిన్ని మాటకు అడ్డం రాకుండా ఫ్యాను చప్పుడు ఎంత తగ్గించాలన్నదే ఇక తేల్చుకోవలసి ఉంది.