రోకటిపోటు అంటే ఎలాంటి దెబ్బ?

మిత్రులకు నమస్కారం. మా కాలనీ పిల్లలు నడుపుకునే లిఖిత పత్రికకు అమెరికా బాక్సర్ రాకీ మార్సియానో గురించి నాలుగు పేజీలు రాస్తున్నాను. వాళ్లలో ఇద్దరికి నిఖత్ జరీన్ అంటే ప్రాణం. బాక్సింగ్ మీద ఏదైనా రాయమని పట్టుబట్టింది వాళ్లే. మూడు రోజులుగా ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను.

1952 సెప్టెంబరు 23, ఫిలడెల్ఫియా, పదమూడో రౌండు. హెవీవెయిట్ చాంపియన్ జెర్సీ జో వాల్కాట్‌ను మార్సియానో ఒకే ఒక్క దెబ్బతో కూల్చేశాడు. ఆ దెబ్బను తెలుగులో ఏమనాలి?

మొదట "పిడిగుద్దులు కురిపించాడు" అని రాసి కొట్టేశాను. అక్కడ ఏదీ కురవలేదు, పడిందల్లా ఒక్కటి. "పంచ్ విసిరాడు" అన్నదీ నచ్చలేదు. పంచ్ అనే మాట ఇప్పుడు నోటికి వెళ్లిపోయింది. పంచ్ పేలిందంటే మా పిల్లలు సినిమా డైలాగు అనుకుంటారు. పైగా అతను విసరనే లేదు. "మట్టి కరిపించాడు" అందామంటే అది కుస్తీ గోదాలో మాట, మట్టి ఉన్నచోట పుట్టిన మాట.

నిన్న పొద్దున మా అమ్మమ్మ అనే సామెత తట్టింది. "రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరిస్తే ఎలాగే?" రోకటిపోటు! ఈ మాటే సరిపోతుందని నా నమ్మకం. ఎందుకో చెబుతాను, ఒప్పుకోని చోట దిద్దండి.

ముందు ఆ దెబ్బ చూడాలి. ఆ పోటీ ఫిల్ము దొరుకుతుంది, నేను ఎన్నిసార్లు ఆపి చూశానో లెక్కలేదు. వాల్కాట్‌కు అప్పటికి 38 ఏళ్లు. అయినా మొదటి రౌండులోనే ఎడమ చేతిని వంచి పక్కనుంచి కొట్టే హుక్‌తో మార్సియానోను పడగొట్టాడు. అంతకుముందు ఎవరి చేతిలోనూ పడని మనిషి అతను. పన్నెండు రౌండ్లు అయ్యేసరికి రెఫరీ, ఇద్దరు జడ్జీలు, ముగ్గురి లెక్కలోనూ వాల్కాట్‌దే పైచేయి. మిగిలిన మూడు రౌండ్లు నిలబడితే చాలు, కిరీటం అతనిదే. పదమూడో రౌండులో వాల్కాట్ వెనక్కి జరుగుతూ తాళ్ల దగ్గరికి వచ్చాడు. ఇద్దరి కుడిచేతులూ ఒకేసారి కదిలాయి, మార్సియానోది ముందు తగిలింది. జానెడు దూరం వెళ్లిందేమో ఆ చెయ్యి. వెనక్కి లాగింది లేదు, ఊపింది లేదు. వాల్కాట్ దవడ పక్కకు తిరిగిపోయింది. మనిషి జారుతూ మోకాళ్ల మీదికి వచ్చాడు, ఒక చెయ్యి నడిమి తాడుకు తగులుకుని ఉండిపోయింది. రౌండు మొదలై 43 సెకన్లు.

ఇప్పుడు రోకలి. మా అమ్మమ్మగారింటి పెరట్లో రోలు భూమిలో పాతి ఉండేది. వడ్లు దంచేటప్పుడు ఆవిడ పక్కన కూర్చుని చూసేదాన్ని. రోకలిని ఆవిడ తోసేది కాదు. తలకన్నా పైకి ఎత్తి, ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంటూ, దాన్ని దిగనిచ్చేది. దిగే లిప్తలో మోకాళ్లు కొంచెం వంగేవి, నోట్లోంచి "ఉస్" అని ఊపిరి వచ్చేది. చేతిది దారి చూపే పని మాత్రమే. బరువంతా పొన్ను, అంటే ఇనప కట్టు, తొడిగిన ఆ కొనకు చేరేది. నేను ఎత్తితే రోకలి రోలంచుకు తగిలి పక్కకు పోయేది. "చేత్తో గుద్దకే, ఒంటితో వెయ్యి" అనేది అమ్మమ్మ.

నా దృష్టిలో గుద్దుకూ పోటుకూ తేడా ఇదే. గుద్దు చేతి పని. వీపు మీద గుద్దుతాం, తలుపు మీద గుద్దుతాం. పోటులో బలమంతా ఒక మొనకు చేరి లోపలికి దిగుతుంది. కత్తిపోటు, వెన్నుపోటు, గుండెపోటు, అన్నిట్లోనూ ఆ దిగడం ఉంది. బలశాలిని పోటుగాడు అంటాం, పాత తెలుగులో పోటరి అంటే శూరుడు. వాల్కాట్ మీద పడింది గుద్దు కాదనిపిస్తుంది నాకు. మార్సియానో తన కుడిచేతి దెబ్బకు సూజీ క్యూ అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరును అలాగే ఉంచి, పక్కన రోకటిపోటు అని రాస్తే పిల్లలకు దెబ్బ కనిపిస్తుంది.

సామెతలో మొదటి సగం అతనికి ఇంకా బాగా అతుకుతుంది. మార్సియానో ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. బాక్సింగ్‌లో రీచ్ అని కొలుస్తారు, రెండు చేతులూ చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు ఎంత అని. దానికి మనకు చక్కటి మాట ఉంది, బార. బావిలో నీళ్లు ఎన్ని బారల లోతు అని అడిగేవాళ్లు కదా, అదే బార. పాత చాంపియన్ జో లూయీ బార 76 అంగుళాలు. మార్సియానోది 70 కూడా లేదు. దూరం నుంచి కొట్టుకుంటే అవతలివాడి చెయ్యి తగులుతుంది, ఇతనిది తగలదు. అందుకే శిక్షకుడు చార్లీ గోల్డ్‌మన్ అతన్ని వంగి, తల దించి, అవతలివాడి ఒళ్లోకి చొరబడేలా తయారు చేశాడు. ప్రతి పోటీలోనూ రోట్లో తల పెట్టడమే అతని పద్ధతి. చెప్పుల కర్మాగారాల ఊరు బ్రాక్టన్‌లో, అలాంటి కర్మాగారంలోనే పనిచేసిన తండ్రికి పుట్టినవాడు. మరో దారి లేదన్నట్టు ఆడాడు.

1954 సెప్టెంబరు 17న ఎజర్డ్ చార్ల్స్‌తో రెండో పోటీ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. జూన్‌లో జరిగిన మొదటి పోటీలో చార్ల్స్ పదిహేను రౌండ్లూ నిలబడ్డాడు, మార్సియానో ముందు అలా నిలిచినవాడు అతనొక్కడే. రెండోసారి ఆరో రౌండులో మార్సియానో ముక్కు చివర నిలువునా చీలిపోయింది. రక్తం ఆగదు. రెఫరీ ఆపేస్తే కిరీటం పోతుంది. అప్పుడైనా తల వెనక్కి తీసుకోవాలి కదా? అతను ఇంకా లోపలికి వెళ్లాడు. ఎనిమిదో రౌండులో చార్ల్స్‌ను నాకౌట్ చేశాడు.

దంచడం కూడా చూపించాడు. 1953లో రోలండ్ లస్టార్జా తలకు చేతులు అడ్డం పెట్టుకుంటే, ఆ చేతులనే దంచుకుంటూ పోయాడు. పదకొండో రౌండులో ఆపేశారు. దంచు అనే క్రియకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పిల్లల పత్రిక కాబట్టి ఒకటి మాత్రం దాచను. 1949 డిసెంబరు 30న కార్మైన్ వింగో అనే కుర్రాడు ఇతని దెబ్బలకు ఆరో రౌండులో పడి, చావు అంచుదాకా వెళ్లాడు. బతికాడు, కానీ మళ్లీ బరిలోకి దిగలేదు. ఆ సంగతి మార్సియానోను చాలాకాలం కుదిపింది. 1951లో, చిన్నప్పటి నుంచీ ఆరాధించిన జో లూయీని ఎనిమిదో రౌండులో తాళ్ల మధ్య నుంచి బయటికి పడేలా కొట్టి, తర్వాత ఆయన గదికి వెళ్లి ఏడ్చాడు. 49 పోటీలు, 49 గెలుపులు, అందులో 43 నాకౌట్లు అని అంకెలు మాత్రమే రాస్తే ఈ రెండూ జారిపోతాయి.

ఇక మీ అభిప్రాయం చెప్పండి.

* * *

సాయంత్రం చేర్పు. చాలామంది రాశారు, మూడింటికి ఇక్కడే జవాబిస్తాను.

ఒక మాస్టారు ఇలా రాశారు: "అమ్మా, రోకలి పైనుంచి కిందికి పడుతుంది. ఆ దెబ్బ అడ్డంగా వచ్చింది. పోలిక కుదరదు." మాస్టారూ, దిశ రోకలిలో ఉంది, పోటులో లేదు. కత్తిపోటు ఎటునుంచైనా పడుతుంది. నేను తీసుకుంటున్నది బరువు కొనకు చేరే తీరును. కానీ మీ మాట విన్నాక "రోకటిపోటులాంటి దెబ్బ" అని ఒక్కసారి రాసి, ఆ తర్వాత ఉత్త పోటు అని వాడదామనుకుంటున్నాను.

ఒక అక్క అడిగారు: "ముష్టిఘాతం ఎందుకు వద్దు? ముష్టియుద్ధం అని అందరూ రాస్తున్నదే కదా." అక్కా, పెద్దలకు రాస్తే నాకూ అభ్యంతరం లేదు. ముష్టి అంటే పిడికిలి. పిడికెడు గింజలు వేసేవాళ్లు కాబట్టి భిక్షకు ఆ పేరు వచ్చి, ఇవాళ వాడుకలో అదే మిగిలింది. ముష్టి అనగానే పిల్లలకు గుర్తొచ్చేది చాచిన చెయ్యి, మూసిన పిడికిలి కాదు. మీరు కంసుడి సభలోని మల్లుడు ముష్టికుణ్ణి గుర్తు చేశారు, సంతోషం. సంస్కృత భాగవతంలో అతను బలరాముణ్ణి పిడికిలితో కొడితే, బలరాముడు అరచేత్తో కొట్టి చంపుతాడు. పిడికిలి పేరు పెట్టుకున్నవాడు చరుపుకు పోయాడు! ఆ వెంటనే వచ్చిన కూటుడనే మల్లుణ్ణి మాత్రం ఎడమ పిడికిలితో అవలీలగా చంపుతాడు. ఈ ముక్క కూడా పత్రికలో పెడతాను, మీ పేరు మీదే.

కరీంనగర్ తమ్ముడు రాసింది నాకు బాగా నచ్చింది: "అక్కా, మా దిక్కు రోకటిపోటు అని ఎవలంటరు? ఒక్కటి గుద్దిండు, ఆడనే కూలవడ్డడు అంటరు. గంతే." నిజమే తమ్ముడూ. ఇందాకటి నుంచి దెబ్బ పేరు వెతుకుతూ, పడటం గురించి మర్చిపోయాను. వాల్కాట్ వెల్లకిలా పడలేదు, బోర్లా పడలేదు, తాడుకు చెయ్యి వేలాడుతూ మోకాళ్ల మీదికి జారాడు. దానికి కూలబడ్డాడు అనే మాటకు మించింది లేదు. అది నీ దగ్గర తీసుకుంటున్నాను.

ఇప్పటికి వాక్యం ఇలా కుదిరింది: "వాల్కాట్ చెయ్యి తగిలేలోపు మార్సియానో కుడిచెయ్యి జానెడు దూరంలోంచి రోకటిపోటులా దవడ మీద దిగింది, పన్నెండు రౌండ్లు గెలుపు దారిలో నడిచినవాడు, ఒక చెయ్యి తాడుకు తగులుకుని, అక్కడే కూలబడ్డాడు." పొద్దున పిల్లలకు ఇస్తున్నాను. ఈలోగా "తగులుకుని" బదులు ఇంకా మంచి మాట ఎవరికైనా తడితే రాత్రిలోగా చెప్పండి.