మ్యాజిక్ నంబర్‌ని తెలుగులో ఏమందాం?

అడిగినవారు (బెల్‌వ్యూ, వాషింగ్టన్):

అందరికీ నమస్కారం. మా అబ్బాయిని తెలుగు బడిలో ‘నాకు నచ్చిన ఆట’ మీద రెండు పేజీలు రాసుకు రమ్మన్నారు. వాడికి బేస్‌బాల్ పిచ్చి, సియాటిల్ మెరినర్స్ అంటే ప్రాణం. హోమ్ రన్, ఇన్నింగ్స్ లాంటివి అలాగే తెలుగు లిపిలో రాసుకుంటూ పోయాడు, పేచీ లేదు. ‘మ్యాజిక్ నంబర్’ దగ్గర ఆగి, కాసేపు ఆలోచించి ‘మాయ సంఖ్య’ అని పెట్టాడు. చదివితే భేతాళ కథలా ఉంది.

ఈ ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. అక్కడ ఒక్కో జట్టు సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ఐదేసి జట్లు కలిపి ఒక డివిజన్. సెప్టెంబర్ వచ్చేసరికి ముందున్న జట్టుకి పని ఇంకా ఎంత ఉందో చెప్పే అంకె ఇది. మనం ఒకటి గెలిస్తే ఒకటి తగ్గుతుంది, రెండో స్థానంలో ఉన్నవాళ్ళు ఒకటి ఓడినా ఒకటి తగ్గుతుంది. సున్నాకి వచ్చిందంటే డివిజన్ మనదే. లెక్క కూడా తేలికే: 163లోంచి మన గెలుపులూ వాళ్ళ ఓటములూ తీసేయడం. దీనికి మంచి తెలుగు మాట చెప్పండి.

జవాబు (గుంటూరు):

అమ్మా, కొత్త మాటతో పనేముంది? ఎన్నికల రాత్రి మన టీవీలన్నీ ‘మ్యాజిక్ ఫిగర్’ అంటూనే ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 175 సీట్లకి 88, తెలంగాణలో 119కి 60. రిక్షా తొక్కే మనిషికి కూడా తెలిసిన మాట. పిల్లవాడిని అదే రాయమనండి.

జవాబు (డాలస్):

మాస్టారూ, మాట తెలిసిందే గానీ కొలత వేరు. 88 అనేది కదలదు. పార్టీలు దాని దాకా ఎక్కాలి. బేస్‌బాల్ అంకె రోజూ దిగివస్తుంది. నాకైతే రైల్వే వెయిటింగ్ లిస్ట్ గుర్తొస్తుంది. పొద్దున 14, సాయంత్రం 9, చార్ట్ తయారయ్యేలోపు సున్నా కావాలని దణ్ణం పెట్టుకోవడం. మన పేపర్లు ఎలాగూ ‘ప్లేఆఫ్స్ బెర్తు ఖాయం’ అనే రాస్తాయి కాబట్టి పోలిక కూడా కలిసొస్తుంది.

జవాబు (ఎడిసన్, న్యూజెర్సీ):

వెయిటింగ్ లిస్ట్‌లో మన చేతిలో ఏమీ ఉండదు కదన్నా, ఎవడో టికెట్ రద్దు చేసుకోవాలి. ఇక్కడ మనం గెలిచినా తగ్గుతుంది. మీ రైలు సామ్యం వైల్డ్ కార్డ్‌కి బాగుంటుంది. మూడు డివిజన్లు కలిపి ఒక లీగ్. 2022 నుంచి ఒక్కో లీగ్‌లో ఆరు జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తున్నాయి. మూడు డివిజన్ల విజేతలకి పక్కా బెర్తు. మిగతావాళ్ళలో మెరుగైన ముగ్గురికి వైల్డ్ కార్డ్, అంటే ఆర్‌ఏసీ, రైలెక్కనిస్తారు గానీ కాళ్ళు చాపుకోనివ్వరు. (పేకాడేవాళ్ళు వైల్డ్ కార్డ్ అంటే జోకర్ అంటారేమో. మా బాబాయి అదే అన్నాడు.)

జవాబు (గుంటూరు):

ఆర్‌ఏసీ బాగుందయ్యా. ఒప్పుకున్నాను, మ్యాజిక్ ఫిగర్ నప్పదు. అమ్మా, ఇంతకీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఆ ఆట చూశారా? పరిభాష కమిటీలకంటే వాళ్ళకే మాట ముందు దొరుకుతుంది.

అడిగినవారు (బెల్‌వ్యూ):

భలే అడిగారు మాస్టారూ. 2025 సెప్టెంబర్‌లో మా నాన్నగారు మా దగ్గరే ఉన్నారు. తెనాలి దగ్గర సహకార సంఘంలో లెక్కలు రాసి రిటైరైన మనిషి. మొదటి వారం ‘ఏం ఆటరా ఇది, అందరూ నిలబడి ఉమ్ములేస్తున్నారు’ అని విసుక్కున్నారు. మనవడు ఈ లెక్క చెప్పాడో లేదో, కళ్ళజోడు తుడుచుకుని ముందుకి జరిగి కూర్చున్నారు. ఆ తర్వాత రోజూ కాఫీ వేళకి ఒకటే ప్రశ్న: “ఇవాళ్టికి బాకీ ఎంతరా?”

అప్పుడు డివిజన్ కోసం మెరినర్స్‌తో పోటీ పడుతున్నది హ్యూస్టన్ ఆస్ట్రోస్. మనవాళ్ళు హ్యూస్టన్ వెళ్ళి మూడుకి మూడూ గెలుచుకొచ్చారు. మనవి 87 గెలుపులు, వాళ్ళవి 72 ఓటములు. నాన్నగారు కవరు వెనక కూడి ‘163లో 159 పోతే బాకీ 4’ అన్నారు. టీవీలో మాత్రం 3 అంటున్నారు. రెండు గంటల సేపు ఇల్లు పీకి పందిరేశారు. చివరికి తేలిందేమిటంటే, ఇప్పుడు రెండు జట్లు సమానమైతే పాతరోజుల్లోలా ఇంకో మ్యాచ్ ఆడించరు, ఆ ఏడాది ఒకరితో ఒకరు ఆడినప్పుడు ఎక్కువ గెలిచినవాళ్ళకి ఇచ్చేస్తారు. అందులో మనదే పైచేయి కాబట్టి ఒకటి మాఫీ. ‘ముందే చెప్పొచ్చుగా, వడ్డీ మాఫీ ఉందని’ అన్నారు.

సెప్టెంబర్ 24 రాత్రి కొలరాడోతో ఆట. మన క్యాల్ రాలీ ఆ రోజే సీజన్‌లో 60వ హోమ్ రన్ కొట్టాడు. బాకీ తీరింది. 2001 తర్వాత మెరినర్స్‌కి మళ్ళీ డివిజన్ దక్కడం అదే.

జవాబు (గుంటూరు):

మీ నాన్నగారి మాట ముచ్చటగా ఉంది. కానీ నాకో సందేహం. బాకీ అంటే ఎవరికో ఉండాలి కదా. ఇక్కడ ఎవరికి బాకీ? పైగా మన బాకీ పక్కవాడు ఓడిపోతే తీరడమేమిటి? నేను షావుకారుకి ఇవ్వాల్సింది మా వీధిలోవాడు దివాలా తీస్తే చెల్లిపోతుందా?

జవాబు (వరంగల్):

సార్, మా దిక్కు ఆ సందేహం రాదు. ‘ఇంక రెండు పనులు బాకి ఉన్నయి’ అంటే అప్పు అని కాదు, మిగిలి ఉన్నాయని. ‘పెండ్లికి ఇంక నాలుగు దినాలు బాకి’ అన్నా అంతే. ఈ మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. అక్కడ ‘బాఖీ’ అంటే శేషం, మిగిలినది. అప్పులో కట్టగా మిగిలినదాన్ని బాకీ అని, అని, కోస్తాలో చివరికి అప్పునే బాకీ అనేశారు. మా దగ్గర పాత అర్థం ఇంకా బతికే ఉంది. మ్యాజిక్ నంబర్ కూడా శేషమే కదా, తీసివేతలో వచ్చే అంకె. ఎవరు తీసేశారన్నది దానికి పట్టదు. తెనాలి పెద్దాయన అప్పు అనుకునే అని ఉంటారు, కానీ మాట తన అసలు అర్థంలోనే పడ్డది.

ఇంకొకటి, సున్నాకి వచ్చినప్పుడు ‘చుక్తా’ అనండి. ‘ఇయ్యాల్టితోని లెక్క చుక్తా.’

జవాబు (గుంటూరు):

శేషం! ఆ దారిన నేను ఆలోచించలేదు. సందేహం వెనక్కి తీసుకుంటున్నాను, సగం. తెలుగు బడి టీచరు కోస్తావారైతే మళ్ళీ ఇదే అడుగుతారు.

జవాబు (ఎడిసన్):

మీరంతా బాకీలు తీరడం గురించే మాట్లాడుతున్నారు. తీరనివాళ్ళ గోడు వినండి. నేను న్యూయార్క్ మెట్స్ అభిమానిని. 2007లో 17 మ్యాచ్‌లు ఉండగా ఏడు ఆటల ఆధిక్యం మాది. చివరి రోజుకి అంతా కరిగిపోయి, గెలిచి తీరాల్సిన ఆటలో టామ్ గ్లావిన్‌ని దింపారు. అప్పటికే 300 గెలుపులు దాటిన పిచర్. మొదటి ఇన్నింగ్స్‌లో ఒక్కడినే అవుట్ చేసి ఏడు పరుగులు ఇచ్చుకున్నాడు. డివిజన్ ఫిలడెల్ఫియా పట్టుకెళ్ళింది. ఇప్పటికీ ఈ ఊళ్ళో ఆ పేరెత్తితే టీ చల్లారిపోతుంది.

అసలు పిచర్‌ని ఏమందాం? బౌలర్ అని రాస్తే మా అబ్బాయి ఒప్పుకోడు.

జవాబు (డాలస్):

బౌలర్ అనకూడదు. క్రికెట్‌లో వంచిన మోచెయ్యి చాపుతూ వేస్తే ‘విసురుతున్నాడు’ అని అంపైర్ నోబాల్ ఇస్తాడు. అక్కడ తప్పు, ఇక్కడ వృత్తి. ‘విసురరి’ లాంటివి పుట్టించొద్దు, ప్లీజ్. విసరడమంటే మా అమ్మకి తిరగలి, మా నాయనమ్మకి విసనకర్ర. పిచర్ పిచర్‌గానే ఉండనివ్వండి, తెలుగులో ‘విసిరాడు’ అనే క్రియ చాలు. అన్నట్టు జట్టులో మొదటి పిచర్‌ని ‘ఏస్’ అంటారు, పేకలో ఆసు. దానికి మాత్రం మనకి తురుపు ముక్క ఉంది, దివ్యంగా సరిపోతుంది.

అసలు గొడవంతా ఆ ముక్క ఎప్పుడు వేయాలన్నదే. స్టార్టింగ్ పిచర్‌కి మామూలుగా నాలుగైదు రోజుల విశ్రాంతి ఇస్తారు. సీజన్ చివర్లో కోచ్‌లకి టెన్షన్ పెరిగి మూడు రోజులకే, ఒక్కోసారి రెండు రోజులకే దింపుతారు. 1964లో ఫిలడెల్ఫియా ఇలాగే మునిగింది. 12 మ్యాచ్‌లు ఉండగా ఆరున్నర ఆటల ముందంజ. 90 గెలుపులు వాళ్ళవి, వెనకున్న సెయింట్ లూయిస్‌వి 66 ఓటములు. పెద్దాయన పద్ధతిలో వేస్తే బాకీ 7. మేనేజర్ జీన్ మాక్ అక్కడ్నుంచి జిమ్ బనింగ్, క్రిస్ షార్ట్ అనే ఇద్దరు పిచర్లని రెండేసి రోజుల విశ్రాంతితో తిప్పి తిప్పి వాడాడు. వరసగా పది ఓడారు. ఆఖరి రెండూ గెలిచారు, సెయింట్ లూయిస్ మూడు ఓడింది. అయిదు తీరి, బాకీ 2 దగ్గర సీజన్ అయిపోయింది. ఒక్క ఆట తేడాతో సెయింట్ లూయిస్‌కి లీగ్, ఆపై ఫైనల్ లాంటి వరల్డ్ సిరీస్ కూడా.

జవాబు (ఎడిసన్):

మాక్‌ని తిట్టడం తేలికన్నా. అదే పని చేసి గెలిచినవాళ్ళని దేవుళ్ళంటాం. 2008లో మిల్వాకీ జులైలో సీసీ సబాథియాని తెచ్చుకుంది. వాళ్ళ తరఫున 11 గెలుపులు, 2 ఓటములు. చివరి మూడు ఆటలూ మూడేసి రోజుల విశ్రాంతితోనే విసిరాడు. ఆఖరి రోజు కబ్స్ మీద మొత్తం ఆట ఒక్కడే పూర్తిచేశాడు. అదే రోజు మా మెట్స్ మళ్ళీ ఓడారు, షే స్టేడియంలో అదే చివరి ఆట. మిల్వాకీ 26 ఏళ్ళ తర్వాత ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు, అయినా ఆ మనిషికి దణ్ణం పెట్టాను.

జవాబు (డాలస్):

తర్వాతేమైందో చెప్పవేం? నాలుగు రోజులకి ఫిలడెల్ఫియా మీద మళ్ళీ మూడు రోజుల విశ్రాంతితోనే దింపారు. నాలుగు ఇన్నింగ్స్ కూడా నిలవలేదు. షేన్ విక్టోరినో గ్రాండ్ స్లామ్, అంటే ఒకే దెబ్బకి నాలుగు పరుగులు, కొట్టాడు. తీసుకున్నది అక్కడ కట్టించుకున్నారు.

జవాబు (గుంటూరు):

ఆగండాగండి. మీరిద్దరూ ఒక మాట చుట్టూ తిరుగుతూ దాని పేరు చెప్పడం లేదు. చేబదులు!

పక్కింటికి వెళ్ళి ‘ఓ గ్లాసుడు పంచదార బదులిస్తారా వదినా’ అంటాం చూడండి, ఆ బదులు. చేబదులంటే కాగితం, సాక్షి, వడ్డీ లేకుండా చేతిలోంచి చేతిలోకి పోయే అప్పు. మీ సబాథియా విషయంలో మిల్వాకీ చేసింది అక్షరాలా అదే. రేపటి బలాన్ని ఆ చేతి నుంచే ఇవాళ బదులు తెచ్చుకున్నారు. పైగా ‘బదులు’ అంటే ‘స్థానంలో’ అని కూడా. విశ్రాంతి తీసుకోవాల్సినవాడు ఇంకొకరికి బదులు వస్తున్నాడు. ఆట చూడకపోయినా మాట మాత్రం చూడగానే పట్టేశాను.

జవాబు (వరంగల్):

జబర్దస్త్ మాట సార్. మూడు రోజుల విశ్రాంతితో దించితే ‘చేబదులు ఆట’. మా మనవలకి కూడా నేర్పుతా.

జవాబు (ఎడిసన్):

అయితే డాడ్జర్స్ పిచర్ యమమోటోని ఏమంటారు మాస్టారూ? 2025 వరల్డ్ సిరీస్, ఎదురుగా టొరంటో. ఆరో ఆటలో ఆరు ఇన్నింగ్స్ విసిరాడు. మర్నాడే ఏడో ఆట చివర్లో మళ్ళీ వచ్చి, 11వ ఇన్నింగ్స్‌లో ముగించి కప్పు తెచ్చాడు. విశ్రాంతి సున్నా రోజులు.

జవాబు (గుంటూరు):

అది చేబదులు కాదు నాయనా. ఆ తర్వాత ఆటే లేదుగా, తిరిగి కట్టాల్సిన పనేముంది? అది దానం.

జవాబు (డాలస్):

దానం అనడానికి ఆ మనిషి జీతం చూస్తే మనసొప్పదు మాస్టారూ. కానీ వాదించను.

అడిగినవారు (బెల్‌వ్యూ):

అందరికీ చాలా థాంక్స్. వ్యాసం ఇచ్చేశాం. ‘మాయ సంఖ్య’ కొట్టేసి వాడే రాసుకున్నాడు: “సెప్టెంబర్ 24న మా జట్టు బాకీ చుక్తా అయ్యింది. తాతయ్య, నేను డాన్స్ చేశాము.” చేబదులు గురించి ఒక పేరా పెట్టాడు గానీ, అందులో డెట్రాయిట్ మీద ఆడిన 15 ఇన్నింగ్స్ ఆట కథంతా దూర్చేసరికి రెండు పేజీలు దాటిపోయిందని నేనే తీయించాను. అలిగాడు.

నిన్న కాగితం వెనక్కి వచ్చింది. మాస్టారూ, మీరన్నట్టే టీచరుగారు ‘బాకీ’ కింద ఎర్ర సిరాతో గీత గీసి ‘ఎవరికి?’ అని రాశారు. వాడు దాని పక్కనే పెన్సిల్‌తో ‘2001కి’ అని రాసి, ఇవాళ మళ్ళీ పట్టుకెళ్ళాడు.