మన్హువా, మాంగా, గొలుసుకట్టు బొమ్మలు

ప్రశ్న: మా అబ్బాయి ఫోనులో చదివే చైనా బొమ్మల కథలను ‘మన్హువా’ అంటున్నాడు. ఇది జపాన్ వారి ‘మాంగా’కు వక్రరూపమా? చైనా వాళ్లు నిజంగా అదే మాట వాడతారా? తెలుగులో రాయాల్సి వస్తే ఏమనాలి? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: వక్రరూపం కాదండీ. రాతలో రెండూ ఒకటే, పలకడంలోనే తేడా. అవే రెండు అక్షరాలను చైనా వాళ్లు మన్హువా అని, జపాన్ వాళ్లు మాంగా అని, కొరియా వాళ్లు మాన్హ్వా అని చదువుతారు. మొదటి అక్షరానికి అదుపు లేకుండా పొంగి పారడం అని, రెండోదానికి బొమ్మ అని అర్థం. చేతికి వచ్చినట్టు గీసిపారేసిన బొమ్మ అన్నమాట. 1814 నుంచి జపాన్‌లో హొకుసాయ్ అనే చిత్రకారుడి గీతల సంపుటాలు ఈ పేరుతోనే అచ్చయ్యాయి. వాటిలో కథ ఉండదు. మనుషులు, చేపలు, గాలివాన, ఏది కనిపిస్తే అది.

చైనాలో ఈ మాట స్థిరపడింది 1925లో. షాంఘై వారపత్రిక ఒకటి చిత్రకారుడు ఫెంగ్ జికాయ్ కుంచె గీతలను ‘జికాయ్ మన్హువా’ అనే శీర్షికతో వేసింది. ఆయన 1921లో జపాన్ వెళ్లి అక్కడి చిత్రకారుల పని చూసి వచ్చినవాడు. అందువల్ల మాట జపాన్ మీదుగా ఇల్లు చేరిందంటే తప్పులేదు. తమాషా ఏమిటంటే, సొంగ్ వంశకాలపు రచన ఒకదానిలో మన్హువా అనేది ఒక నీటిపక్షి పేరు. నీళ్లలో పొద్దస్తమానం అటూ ఇటూ తిరుగుతూ ముక్కుతో కెలికే పక్షి. కుంచెకూ దానికీ చుట్టరికం ఉందని వాదించేవారు ఉన్నారు. నాకు వినడానికి బాగుంది, అంతే.

ఇక అసలు విషయం. మీ అబ్బాయి చేతిలో ఉన్నదాన్ని మన్హువా అనండి, ఇబ్బంది లేదు. కాని చైనా బొమ్మల కథలన్నింటికీ ఆ పేరే పెడితే, చైనాలో తరాల తరబడి పిల్లలూ పెద్దలూ చదివిన పుస్తకం పేరు లేకుండా పోతుంది. ఆ పుస్తకం పేరు ల్యెన్‌హువాన్‌హువా. కడియాలు ఒకదానిలో ఒకటి తగిలించినట్టు సాగే బొమ్మలని అర్థం. మన దగ్గర ‘గొలుసుకట్టు రాత’, ‘గొలుసుకట్టు చెరువులు’ ఉన్నాయి కాబట్టి ‘గొలుసుకట్టు బొమ్మలు’ అంటే అర్థం చెక్కుచెదరదు.

పుస్తకం అరచేతిలో ఇమిడేంత. పుటకు ఒకే బొమ్మ, దాని కింద రెండు మూడు వాక్యాల కథ. 1920లలో షాంఘై ప్రచురణకర్తలు ‘మూడు రాజ్యాల కథ’ లాంటి పాత నవలలను ఇలా అచ్చువేసి ఈ పేరును వ్యాప్తిలోకి తెచ్చారు. కొనలేనివాళ్లు వీధి బడ్డీలో చిల్లర ఇచ్చి, అక్కడే పీటమీద కూర్చుని చదివి తిరిగి ఇచ్చేసేవారు. జనం నోట దీని పేరు షియావ్‌రెన్‌షు, అంటే ‘చిన్న మనుషుల పుస్తకం’. బొమ్మల్లో మనుషులు చిన్నగా ఉంటారనా, చదివేది చిన్నవాళ్లనా? రెండూ చెబుతారు. కన్ఫ్యూషియస్ మాటల్లో ‘చిన్న మనిషి’ అంటే నీచబుద్ధి కలవాడు! పండితులకు ఈ పుస్తకాలంటే చిన్నచూపు ఉన్న మాట కూడా నిజమే. 1932లో ప్రసిద్ధ రచయిత లూ షున్ ‘గొలుసుకట్టు బొమ్మల తరఫున’ వకాల్తా పుచ్చుకుని వ్యాసం రాశాడు. ఐరోపా చర్చిల్లోని కుడ్యచిత్రాలు, మన అజంతా గుహలు మాత్రం ఇంకేమిటి అని అడిగాడు.

ఒక పుస్తకం చూద్దాం. 1962లో జావ్ హాంగ్‌బెన్, చియెన్ షియావ్‌దాయ్ కలిసి గీసిన ‘తెల్ల ఎముకల పిశాచిని మూడుసార్లు కొట్టిన కోతి’. ‘పడమటి యాత్ర’ అనే పాత చైనా నవలలోని ఘట్టం ఇది. పిశాచి మొదట పడుచుపిల్లగా, తరువాత ముసలమ్మగా, ఆపైన ముసలాయనగా వస్తుంది. కోతికి మూడుసార్లూ గుట్టు తెలుసు. వెంట ఉన్న సన్యాసికి ఒక్కసారీ తెలియదు. కోతి కొడుతుంది, గురువు కోతినే వెళ్లగొడతాడు. పేజీ నిండా ఒంటి గీత పనితనమే. ఆ సన్యాసి మరెవరో కాదు, మన పాఠ్యపుస్తకాల్లోని హ్యూయన్‌త్సాంగ్. ఏడో శతాబ్దంలో ధాన్యకటకం దాకా వచ్చినవాడు. కథలోకి వెళ్లేసరికి ఇంత అమాయకుడయ్యాడు పాపం.

మరొకరు: మరి పాశ్చాత్యులకు మన్హువా అనే మాట ఎలా అలవాటైంది? వాళ్లు మొదట చూసింది ఈ చిన్న పుస్తకాలనే కదా?

జవాబు: చూశారు, కాని తమ పేర్లు పెట్టుకుని చూశారు. 1971లో ఇటలీలో ఈ పుస్తకాల సంకలనం ‘మావో ఫుమెత్తి’ అనే అర్థం వచ్చే పేరుతో వచ్చింది. జీనో నెబియోలో, జాన్ షెనో, ఉంబెర్టో ఎకో కలిసి తెచ్చారు. ఫుమెత్తి అనేది ఇటలీలో బొమ్మల కథలకు వాడే మాట. అసలు అర్థం పొగ ఉండలు, అంటే పాత్రల నోటినుంచి వచ్చే మాటల బుడగలు. ఈ పుస్తకాల్లో బుడగలు అంతగా ఉండవు, మాటలు చాలావరకు బొమ్మ కింద ఉంటాయి. లేని పొగకు పేరు పెట్టారు! 1973లో అదే న్యూయార్క్‌లో ‘ప్రజల కామిక్ పుస్తకం’ అయింది. కామిక్ అన్న మాట నవ్వునుంచి పుట్టింది. ఇందులో ఉన్నది ఎర్రసైన్యపు మహిళా దళం లాంటి విప్లవ కథలు. ఆ చదువరులకు అది చైనా రాజకీయాల కిటికీ. గీత ఎవరిదో, కుంచె పట్టు ఎలాంటిదో పెద్దగా ఎవరికీ పట్టలేదు.

1988లో హాంకాంగ్‌నుంచి జేడ్‌మాన్ సంస్థ కుంగ్‌ఫూ కథలను ఇంగ్లీషులో అమెరికాకు పంపింది. తరువాత జపాన్ మాంగా పడమటి దేశాలను ముంచెత్తింది. ఆ అలవాటుతోనే చైనావి అనగానే ‘మన్హువా’ అన్నారు. పక్కింటివాళ్ల పేరుకు చైనా ఉచ్చారణ తగిలించడమే.

అయితే చిత్రకారుడు జాంగ్ లెపింగ్ గీసిన ‘సన్‌మావ్’ను మన్హువా అనడమే సరైనది. 1935లో పుట్టిన పాత్ర. 1947 నుంచి షాంఘై పత్రికలో దిక్కులేని పిల్లవాడి తిరుగుడుగా వచ్చింది. సన్‌మావ్ అంటే మూడు వెంట్రుకలు. బోడితల మీద మూడే మిగిలాయి. డబ్బు లెక్కలో అదే మాటకు మూడు చిల్లర నాణేలనీ అర్థం వస్తుంది. ఒక వరుసలో దుకాణం అద్దంలోని బొమ్మకు ధర చీటీ చూసి, వాడు తన ఒంటికీ చీటీ తగిలించుకుంటాడు, ధర మాత్రం తక్కువే వేసుకుంటాడు. దాదాపు మాటలే లేని కథ. అనువాదకుడి అవసరం అంతగా పడలేదు కాబట్టేనేమో, 2015లో ఫ్రాన్సులోని ఆంగులేమ్ బొమ్మల కథల ఉత్సవం దీని ఫ్రెంచి ప్రచురణకు వారసత్వ పురస్కారం ఇచ్చింది. అంతకంటే గొప్ప గీత ఉన్న గొలుసుకట్టు పుస్తకాలు ఎన్నో ఉన్నా, కథంతా కింది వాక్యాల్లో ఉన్నందువల్ల గడప దాటడం కష్టమైంది.

మొదట అడిగినవారు: ‘బొమ్మల కథ’ అంటే సరిపోదా? గొలుసు బరువుగా లేదూ?

జవాబు: మామూలుగా మాట్లాడేటప్పుడు ‘బొమ్మల కథ’ చాలండీ, అది చక్కటి మాట. పాత పుటకొక బొమ్మ పుస్తకాన్ని విడిగా చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం గొలుసు కావాలి. మీ అబ్బాయి తెరమీద కిందికి జరుపుకుంటూ చదివేదాన్ని అక్కడి యువతరం ఇప్పుడు ‘గువోమన్’ అంటోంది, స్వదేశీ బొమ్మల కథ అని. అడిగి చూడండి, వాడికి ఆ మాట తెలిసే ఉంటుంది.