ఆన్‌లైన్ మిడ్‌లో కెమెరా పెట్టాలా, ప్రశ్నలే మార్చాలా?

ఈఈఈ_లెక్చరర్:
వచ్చే సెమిస్టర్ నుంచి మా కాలేజీలో మిడ్ పరీక్షలు ఆన్‌లైన్‌లోనేనట. వెబ్‌కామ్ నిఘా సాఫ్ట్‌వేర్ కొందామంటున్నారు. ఆ డబ్బు దండగని నా అభిప్రాయం. కెమెరాకి ముఖం కనిపిస్తుంది కానీ ఒళ్లో ఉన్న ఫోన్ కనిపించదు. కాపీకి లొంగని ప్రశ్న తయారుచెయ్యడం మన పని. మీరేమంటారు?

గణితం_మేడమ్:
సగమే ఒప్పుకుంటానండి. ఐఐటీలవాళ్ల ఆన్‌లైన్ కోర్సులు, ఎన్‌పీటెల్ సంగతి చూడండి. వారం వారం అసైన్‌మెంట్లకి 25 మార్కులు, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి 75. అసైన్‌మెంట్ జవాబులు యూట్యూబ్‌లో దొరుకుతాయని పిల్లలందరికీ తెలుసు. కానీ 75లో కనీసం 30 రాకపోతే, అసైన్‌మెంట్లలో 25కి 25 వచ్చినా సర్టిఫికెట్ ఇవ్వరు. ఎక్కడో ఒకచోట ఎదురుగా కూర్చోబెట్టి రాయించక తప్పదు.

ఈఈఈ_లెక్చరర్:
నిజమే. అలాగని ఆ 25ని గాలికొదిలెయ్యలేం కదా. ఆన్‌లైన్‌లో పరీక్షలు పెట్టే మూడిల్ సాఫ్ట్‌వేర్‌లో 'క్యాలిక్యులేటెడ్' ప్రశ్నలున్నాయి, ఒక్కొక్కరికీ అంకెలు మారతాయి. సర్క్యూట్ ఒకటే, రెసిస్టెన్స్ మాత్రం ఒకడికి 47 ఓమ్‌లు, పక్కవాడికి 68. వాట్సాప్‌లో జవాబు పంపుకుని లాభం లేదు, పద్ధతి చెప్పుకోవాలి. అది చెప్పుకుంటే నాకు సంతోషమే. అయితే చాట్‌జీపీటీ ముందు ఈ ఎత్తు పారదు, ఏ అంకెలిచ్చినా చేసిపెడుతుంది. అందుకే ల్యాబ్‌లో వాళ్లు తీసిన రీడింగులే తీసుకుని, లెక్కకీ కొలతకీ తేడా ఎందుకొచ్చిందో రాయమంటాను. ఆ జవాబు మీదే ఐదు నిమిషాల వైవా, అంటే ఎదురుగా నోటితో అడగడం.

థర్డ్‌ఇయర్_స్టూడెంట్:
సార్, సెక్షన్‌కి 60 మందిమి. తలా ఐదు నిమిషాలంటే ఐదు గంటలు. మీరు ఓపిగ్గా చేస్తారు, అందరూ చెయ్యరు. కెమెరా మాత్రం వద్దే వద్దు సార్. హాస్టల్ గదిలో నలుగురం ఉంటాం. వెనక ఎవరు నడిచినా కాపీ అనుమానమని ఫ్లాగ్ పడుతుంది. ఊళ్లో ఉన్నవాళ్లకి నెట్ పోతే లాగౌట్. తప్పు చెయ్యలేదని మేమే రుజువు చేసుకోవాలి. మార్కులన్నీ ఒక్క పరీక్ష మీద పెట్టకుండా నాలుగైదు చిన్న పరీక్షలు పెట్టండి. ఒక్కటి పోయినా పర్లేదనుకుంటే ఎవరూ అంత తెగించరు.

గణితం_మేడమ్:
అందరికీ వైవా ఎందుకు బాబూ? చీటీలు తీసి పదిమందిని పిలిస్తే చాలు.

ఈఈఈ_లెక్చరర్:
చీటీలకి నేను ఒప్పుకోను మేడమ్. పట్టుబడడం అదృష్టం మీద ఆధారపడకూడదు. ల్యాబ్ బ్యాచ్‌లో 30 మందే ఉంటారు. మూడు గంటల ల్యాబ్‌లో మిగతావాళ్లు ప్రయోగం చేసుకుంటుంటే ఒక్కొక్కరినే పిలవచ్చు. రెండు వారాల్లో బ్యాచ్ మొత్తం అయిపోతుంది.