మొదటి సెమిస్టర్ కాలిక్యులస్: గంటలు సరిపోవడం లేదు, ఏది తగ్గించాలి?

కొత్త సెక్షన్:
పొద్దుట్నుంచి ఇదే పని. ఎన్నిసార్లు రాసినా ఇంటిగ్రేషన్ దగ్గరికి వచ్చేసరికి సెమిస్టర్ అయిపోతోంది. లిమిట్స్, కంటిన్యుటీ, డిఫరెన్షియేషన్, అప్లికేషన్లు, ఇంటిగ్రేషన్, చివర్లో తేలికపాటి డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. మామూలు వరసే. లిమిట్స్‌కి 10 గంటలు, కంటిన్యుటీకి 4, ఇలా వేసుకుంటూ పోతే ఇంటిగ్రేషన్‌కి 6 మిగిలాయి, డిఫరెన్షియల్ ఈక్వేషన్లకి ఏమీ మిగల్లేదు. ఎవరైనా క్లాసులో నిజంగా నడిచే ప్లాన్ ఒకటి పెట్టండి ప్లీజ్. రేపు హెచ్‌ఓడీకి ఇవ్వాలి.

డస్టర్:
పిల్లలెవరు? వారానికి ఎన్ని గంటలు? సిలబస్ మార్చే వీలుందా? ఇవి లేకుండా ప్లాన్ ఎవరిస్తారు?

ఎప్సిలాన్ గారు:
లిమిట్స్ గంటలు కోసే ముందు ఒక్క మాట వినండి. పట్టిక వేసి చూపిస్తే లిమిట్ అర్థమైపోయిందనుకోవడం పెద్ద ప్రమాదం. (1 − కాస్ ఎక్స్)/ఎక్స్² తీసుకోండి. ఎక్స్ = 0.1 దగ్గర 0.4996 వస్తుంది. 0.01 దగ్గర అరకి ఇంకా దగ్గరవుతుంది. ఇప్పుడు ఎక్స్ = 0.00000001 కొట్టి చూడండి, కాలిక్యులేటర్ సున్నా అంటుంది. అంత చిన్న కోణానికి కాస్ విలువని అది 1గానే గుండ్రం చేసేస్తుంది, పైన తీసివేత సున్నా అయిపోతుంది. పట్టికని మాత్రమే నమ్మిన విద్యార్థి సున్నానే జవాబుగా రాస్తాడు.

రెండోది, సైన్ ఎక్స్ బై ఎక్స్ లిమిట్‌ని లోపిటాల్ రూల్‌తో, అంటే పైనా కిందా అవకలజాలు (డెరివేటివ్‌లు) తీసి, ఒక్క లైన్లో తేల్చెయ్యడం. సైన్ అవకలజం కాస్ అని రాబట్టాలంటేనే ఆ లిమిట్ కావాలి. దేన్ని నిరూపించాలో దాన్నే ముందు ఒప్పేసుకున్నట్టు. అందుకే లిమిట్‌ని అసమానతలతో కచ్చితంగా చెప్పే ఎప్సిలాన్-డెల్టా నిర్వచనం మొదటి వారంలోనే ఇవ్వాలి, కనీసం 5 గంటలు ఇవ్వాలి. 1821లో కౌషీ, తర్వాత వయర్‌స్ట్రాస్ కలనగణితాన్ని ఆ పునాది మీద నిలబెట్టారు. పునాది వదిలేసి గోడలు కడితే ఎలా?

ఓరుగల్లు మ్యాథ్స్:
అట్ల కాదు సార్. కాలిక్యులస్ మీద లైబ్నిజ్ పేపర్ 1684ల వచ్చింది, కౌషీది 1821ల. నడుమ 137 ఏండ్లు ఎప్సిలాన్-డెల్టా లేకుండనే కాలిక్యులస్ నడిచింది, గ్రహాల లెక్కలు గూడ చేసిన్రు. బీఎస్సీ మ్యాథ్స్ పిల్లలకైతే రియల్ అనాలిసిస్‌ల ఎట్లాగూ వస్తది. మొదటి సెమిస్టర్ల ఆ 5 గంటలు పెడితే పిల్లలు అసమానతల కాడనే ఆగిపోతరు, లిమిట్ దాక రారు.

ఎప్సిలాన్ గారు:
ఫలితాలు సరిగా వచ్చాయి కాబట్టి పద్ధతి సరైనదే అనడం తర్కం కాదు. అనంత శ్రేణులతో ఆ కాలంలో ఎన్ని చిక్కులొచ్చాయో చూడండి.

కొత్త సెక్షన్:
చెప్పక్కర్లేదు అనుకున్నానండీ. బీఎస్సీ లైఫ్ సైన్సెస్, డేటా సైన్స్ కలిపి ఒకే సెక్షన్, 70 మంది. సగానికి పైగా బైపీసీ నుంచి వచ్చినవాళ్ళే. మిగతావాళ్ళు ఎంపీసీ, కొద్దిమంది ఎంఈసీ. వారానికి 4 గంటలు, 15 వారాలు. హెడ్డింగులు మార్చడానికి లేదు, లోతు మాత్రం మన ఇష్టం.

డస్టర్:
బైపీసీ అని మొదటే చెప్పాలి. వాళ్ళు పదో తరగతి తర్వాత లెక్కలు ముట్టుకోలేదు.

సెమిస్టర్ ప్లాన్:
ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. ముందు 60 గంటలు అనే లెక్క మర్చిపోండి. రెండు మిడ్లు, పండగలు, సెమినార్లు పోను 46 చేతికొస్తాయనుకుని వెయ్యండి. ఫంక్షన్లకి 5, లిమిట్స్ కంటిన్యుటీ కలిపి 5, డెరివేటివ్ నియమాలకి 12, అప్లికేషన్లకి 9, ఇంటిగ్రేషన్‌కి 10, డిఫరెన్షియల్ ఈక్వేషన్లకి 3, చేతిలో 2.

మీ ప్లాన్ ఎక్కడ తప్పుతోందంటే, ఇంటర్ 1బి చాప్టర్ల బరువునే ఇక్కడ దించుతున్నారు. అక్కడ లిమిట్స్‌లో లెక్కల రకాలు ఎక్కువ. మీ కోర్సులో లిమిట్ పని రెండే: డెరివేటివ్‌ని నిర్వచించడం, ఇంటిగ్రల్‌ని నిర్వచించడం. దానికి కారణాంకాలు కొట్టేసే రకం, వర్గమూలం పోగొట్టే రకం, సైన్ ఎక్స్ బై ఎక్స్, అనంతం దగ్గర భిన్నాలు చాలు. ఎప్సిలాన్ గారి మాట పూర్తిగా వదలక్కర్లేదు. 20 నిమిషాలు ఒక్క ప్రశ్న మీద పెట్టండి: ఎక్స్² విలువ 9కి 0.1 లోపు ఉండాలంటే ఎక్స్ 3కి ఎంత దగ్గరుండాలి? 0.016 లోపు ఉంటే సరిపోతుందని వాళ్ళే కాలిక్యులేటర్‌తో తేలుస్తారు. 0.1 బదులు 0.01 అంటే? ఆ ఆటలో నిర్వచనం సారమంతా వచ్చేస్తుంది, గుర్తులు రాయించక్కర్లేదు.

మొదటి క్లాసులో అరగంట పరీక్ష పెట్టండి, మార్కులు లేకుండా. రెండు బిందువులిచ్చి వాలు, ఘాతాంక నియమాలు, సైన్ 30 ఎంత, (ఎ+బి)² విస్తరణ, 1/(ఎ+బి)ని 1/ఎ + 1/బి అని రాయొచ్చా. ఈ చివరి రెండూ తప్పిన పిల్లాడు డెరివేటివ్ నిర్వచనంలో మూడో లైన్ దాటడు, ఎందుకంటే అక్కడ చెయ్యాల్సింది ఆ బీజగణితమే. అలాగని త్రికోణమితి మొత్తం ముందే రివిజన్ చెయ్యకండి. సైన్, కాస్ డెరివేటివ్‌లకి ముందు గంటలో ఆ రోజుకి కావాల్సినంత చెప్పండి. సెప్టెంబర్లో చెప్పిన సూత్రం నవంబర్లో ఎవరికీ గుర్తుండదు.

12 గంటల్లో చైన్ రూల్‌కే (ఫంక్షన్ లోపల ఫంక్షన్ ఉంటే వాడేది) మూడు క్లాసులు. సైన్(3ఎక్స్²) డెరివేటివ్ అడిగితే కాస్(6ఎక్స్) అని రాస్తారు, బయటిదాన్నీ లోపలిదాన్నీ ఒకేసారి మార్చేసి. దీనికి మందు, మొదటి క్లాసులో డెరివేటివ్ అసలు చేయించకుండా పదిహేను ఫంక్షన్లిచ్చి బయటిదేది లోపలిదేది అని మాత్రం రాయించడం. రెండో క్లాసులో రూల్. మూడోదాంట్లో ప్రొడక్ట్ రూల్‌తో కలిపి, ఎక్స్ ఇంటూ ఈ పవర్ మైనస్ 2ఎక్స్ లాంటివి. మొదటి మిడ్ ఈ నియమాలయ్యాక పెట్టించండి, అప్లికేషన్ల మధ్యలో పడకుండా.

ఎంపీసీ పిల్లలకి బోర్ కొడుతుందని భయపడకండి. వాళ్ళకి సూత్రాలొచ్చు, అర్థం అడగండి. ఎఫ్(2) = 7, అక్కడ డెరివేటివ్ 3 అయితే ఎఫ్(2.1) సుమారు ఎంత? 7.3 అని వెంటనే చెప్పేవాళ్ళు తక్కువ. ఫార్ములా లేదు కదా సార్ అంటారు.

ఫిజిక్స్ సెకండ్ షిఫ్ట్:
రిలేటెడ్ రేట్స్, అంటే ఒకటి మారే వేగం నుంచి రెండోదాని వేగం కట్టే లెక్కలు, ఉంచుతున్నారా? ఉంచితే ఒక హెచ్చరిక. 5 మీటర్ల నిచ్చెన, కాలు గోడకి 3 మీటర్ల దూరంలో ఉంది, సెకనుకి 0.5 మీటరు జారుతోంది. చాలామంది మొదటే 3, 4 ప్రతిక్షేపించి 9 + 16 = 25 అని రాసి అప్పుడు డిఫరెన్షియేట్ చేస్తారు. 0 = 0 వస్తుంది, అక్కడే కూర్చుంటారు. మారేవాటిని మారేవిగానే ఉంచి, డిఫరెన్షియేట్ చేశాక అంకెలు వెయ్యాలి. అప్పుడు పై చివర సెకనుకి 0.375 మీటరు దిగుతోందని వస్తుంది. ఇంకోటి, కాలిక్యులేటర్లు డిగ్రీల్లో ఉంటే సైన్ ఎక్స్ బై ఎక్స్ పట్టికలో 1 బదులు 0.01745 వస్తుంది, అంటే పై బై 180. ఆ క్లాసు మొదట్లోనే రేడియన్ మోడ్ చూసుకోమనండి.

సెమిస్టర్ ప్లాన్:
లైఫ్ సైన్సెస్ వాళ్ళకి నిచ్చెన బదులు గోళాకారపు కణం పెరగడం ఇవ్వొచ్చు, లెక్క అదే. గరిష్ఠ-కనిష్ఠాలకి మాత్రం పాత పెట్టె లెక్కే బాగుంటుంది: 30 సెం.మీ. చదరపు అట్ట, మూలల్లో ఎక్స్ కత్తిరించి మడతపెట్టడం. ఎక్స్ = 5, 15 వస్తాయి. 15 దగ్గర అట్టే మిగలదు, 5 దగ్గర 2000 ఘన సెం.మీ. ఒక జవాబుని ఎందుకు వదిలేశామో వాక్యంలో రాయించండి.

ఇంటిగ్రేషన్‌ని యాంటీడెరివేటివ్‌తో మొదలుపెట్టొద్దు. మొదలుపెడితే ఇంటిగ్రల్ అంటే తిరగేసిన సూత్రం అని స్థిరపడిపోతుంది, తర్వాత వైశాల్యాన్నీ యాంటీడెరివేటివ్‌నీ కలిపే ఫండమెంటల్ థియరమ్‌లో చెప్పడానికేమీ మిగలదు. ఎక్స్² కింద 0 నుంచి 1 దాకా నాలుగు పట్టీలు గీయించండి. ఎడమవైపు ఎత్తులతో 0.21875, కుడివైపు ఎత్తులతో 0.46875. రెండింటి మధ్య 1/3 ఇరుక్కుని ఉంటుంది, పట్టీలు పెంచేకొద్దీ రెండూ అక్కడికే వస్తాయి. డేటా సైన్స్ వాళ్ళు 1000 పట్టీలు కంప్యూటర్లో వేసుకుంటారు. టెక్నిక్స్‌లో సబ్‌స్టిట్యూషన్, బై పార్ట్స్ చాలు. పాక్షిక భిన్నాలు ఒక ఉదాహరణతో ఆపెయ్యండి.

ఎప్సిలాన్ గారు:
1/ఎక్స్²ని −1 నుంచి 1 దాకా ఇంటిగ్రేట్ చేస్తే −2 అని రాసేది ఈ తొందరలోనే. ఎప్పుడూ ధనాత్మకంగా ఉండే ఫంక్షన్‌కి రుణ వైశాల్యం! మధ్యలో సున్నా దగ్గర ఫంక్షన్ లేదన్న సంగతి చూడరు. కంటిన్యుటీకి గంటలు తగ్గించిన ఫలితం ఇది.

సెమిస్టర్ ప్లాన్:
ఆ ఉదాహరణ తప్పకుండా పెట్టాలి, ఒప్పుకుంటాను. కానీ థియరమ్ చెప్పిన రోజునే పెట్టాలి. అక్కడే కంటిన్యుటీ ఎందుకు కావాలో తెలుస్తుంది.

ఓరుగల్లు మ్యాథ్స్:
డిఫరెన్షియల్ ఈక్వేషన్లకు 3 గంటలు సరిపోతయి. వేరియబుల్ సెపరబుల్ (చలరాశులను చెరో దిక్కు విడదీసుడు) ఒక్కటే చెప్పుండ్రి. డీఎన్ బై డీటీ = కేఎన్, అంటే ఎంత ఉంటే అంత వేగంగ మారుతది, రెట్టింపయ్యే కాలం 0.693 బై కే. కార్బన్-14 అర్ధాయువు 5730 ఏండ్లు, నాలుగో వంతు మిగిలిందంటే 11460. జనాభాకు, మందు రక్తంల తగ్గుడుకు అన్నిటికి అదే సమీకరణం. లాగ్ ఎక్స్ డెరివేటివ్ 1 బై ఎక్స్ అని ముందే వచ్చి ఉండాలె.

డస్టర్:
లాగ్ కాదు, ఎల్ఎన్ (బేస్ ఈ).

ఓరుగల్లు మ్యాథ్స్:
మన ఇంటర్ పుస్తకాలల్ల లాగ్ అంటే బేస్ ఈ నే సార్.

డస్టర్:
బైపీసీ పిల్లలకి లాగ్ అంటే పీహెచ్ లెక్క, బేస్ 10. కాలిక్యులేటర్ మీద లాగ్ బటన్ కూడా 10. లాగ్ 2.001 లోంచి లాగ్ 2 తీసేసి 0.001తో భాగిస్తే 0.217 వస్తుంది, 0.5 రాదు.

ఎప్సిలాన్ గారు:
గణితంలో లాగ్ అంటే సహజ సంవర్గమానమే. రసాయన శాస్త్రం కోసం గణితం తన గుర్తుల్ని మార్చుకోనక్కర్లేదు.

ఫిజిక్స్ సెకండ్ షిఫ్ట్:
ఒకే సెక్షన్లో రెండు అలవాట్లున్నాయి కాబట్టి బోర్డు మీద ఎప్పుడూ ఎల్ఎన్ అనే రాస్తే సరి. బేస్ 10 లాగ్‌ని ఎల్ఎన్‌గా మార్చే 2.303 ఎక్కడినుంచి వస్తుందో కూడా ఆ రోజే చెప్పెయ్యొచ్చు. ప్రశ్నపత్రం వేరేవాళ్ళు సెట్ చేస్తే మాత్రం వాళ్ళకి ముందే చెప్పాలి.

ఎప్సిలాన్ గారు:
అప్పుడు పై క్లాసుల్లో మళ్ళీ లాగ్ అని చూసి తికమకపడతారు.

కొత్త సెక్షన్:
46 గంటల లెక్కతో వేసి పంపించేశానండీ. ఎల్ఎన్ అనే పెట్టా. థాంక్స్ అందరికీ.

ఓరుగల్లు మ్యాథ్స్:
ట్యుటోరియల్ గంట ఏ రోజు పెట్టిన్రు? 70 మందిని రెండు బ్యాచులు చెయ్యకుంటే చైన్ రూల్ రాసింది ఎవరు దిద్దుతరు?