ముప్పాతిక మువ్వీసం: కూడికా, గుణకారమా?

నల్లేరు: ఒక లెక్కల పద్యం చివర "ముప్పాతిక మువ్వీసం" అని వస్తుంది. ముందు పాదాలు ఎంతకీ గుర్తుకు రావడం లేదు. చివరన "ముప్పాతికకు" అని ఉందేమోనని అనుమానం. ఆ "కు" ఉంటే లెక్కే మారిపోతుంది కదా! పద్యం తెలిసినవారు చెప్పండి.

తాటాకు: "కు" లేదండీ. ముప్పాతిక అంటే 3/4. వీసం పదహారో వంతు కాబట్టి అవి పన్నెండు వీసాలు. దానిమీద మువ్వీసం, మరో మూడు. మొత్తం పదిహేను వీసాలు, నిండుకు ఒక్క వీసం తక్కువ. రూపాయిలో అయితే పదిహేనణాలు. "దాదాపు అంతా" అనే అర్థం వచ్చింది అందుకే.

సోలెడు: కూడిక అని అంత ఖాయంగా ఎలా అంటారు మాస్టారూ? మన భాషలో కూడికకు గుర్తు నిండుసున్న. మూడును పావు కలిసి మూడుంబావు, 3¼. ద్విత్వం వస్తే గుణకారం: మూడు పావులు ముప్పావు, 3/4. ఆ ఒక్క అక్షరం సరిగ్గా వినకపోతే పదమూడు పావులు మూడు పావులైపోతాయి. ఇక్కడ రెండు మాటల మధ్య "ను" లేదు. ముప్పాతికలో మువ్వీసం అనుకుంటే 9/64 వస్తుంది.

తాటాకు: నూట ఇరవైలో "ను" ఎక్కడుందండీ? పెద్ద స్థానం ముందు, చిన్నది వెనక వస్తే కూడికే.

సోలెడు: మరి అరవీసం? పెద్దదైన అర ముందే ఉంది. అయినా అది 9/16 కాదు, ముప్పై రెండో వంతు.

పలకబలపం: అరవీసం ఒకే సమాసం, ఒకే కొలత. ముప్పాతిక, మువ్వీసం దేనికది పూర్తయిన సంఖ్య. రాసి చూస్తే తేలిపోతుంది. పాత లెక్కల్లో పాతికలకు నిలువు గీతలు, వీసాలకు అడ్డగీతలు, కానులకు (1/64) మళ్ళీ నిలువు గీతలు. ఏ స్థానంలోనైనా మూడు దాటవు, నాలుగైతే పై స్థానంలో ఒకటి. పదిహేను వీసాలు ౻౾: మూడు నిలువు, మూడు అడ్డం. పైకి చదివితే "ముప్పాతిక మువ్వీసం" తప్ప ఇంకో మాట రాదు. దానికి ముక్కాని చేరిస్తే 63/64.

సోలెడు గారి 9/64 రాయాలంటే పాతికల చోట హళ్ళి (ఖాళీకి గుర్తు), వీసాల చోట రెండు అడ్డగీతలు, కానుల చోట ఒక నిలువు గీత: ౸౽౹. ఈ గుర్తులు 2008లో యూనికోడ్ 5.1లో చేరాయి. డబ్బాలు కనిపిస్తే ఫాంటు మార్చుకోండి.

తాటాకు: హళ్ళి అన్నారు కాబట్టి చెబుతున్నాను. "హళ్ళికి హళ్ళి సున్నకు సున్న"లో రెండు మాటలూ ఊరికే పడలేదు. నిలువు గీతల చోట ఖాళీకి హళ్ళి, అడ్డగీతల చోట ఖాళీకి సున్న. ఈ జంట లెక్కల పలకమీద నుంచే నానుడిలోకి వచ్చిందని నా నమ్మకం. దాన్ని "హల్లి" అని రాసి హల్లుతో ముడిపెడుతున్నారు, చూస్తే బాధేస్తుంది.

సోలెడు: ళ్ళ విషయంలో మీతోనే ఉన్నాను. కానీ పద్యం మాట వచ్చినప్పుడు పావులూరి మల్లనను తలచుకోకుండా ఎలా? మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టిన మహానుభావుడు! ఆ సంస్కృత మూలంలో భిన్నాల ప్రకరణం పేరే కలాసవర్ణం. కళ అన్నా పదహారో వంతే, మన వీసమే. నిండు ఒకటిని అర, మూడో వంతు, తొమ్మిదో వంతు, పద్దెనిమిదో వంతుగా విడగొట్టే పద్ధతి కూడా మహావీరుడిదే. కూడి చూడండి, పద్దెనిమిదింట 9, 6, 2, 1. ఇంత లెక్కను ఛందస్సులో ఇమడ్చడం మాటలా!

నల్లేరు: నా పద్యం మల్లనదేనంటారా?

సోలెడు: అలా అనలేదండీ. పాతిక అనే మాట ఆయన కాలానికి ఉందా అన్నది ముందు చూడాలి.

పలకబలపం: పాతిక అంటే ఇరవై ఐదు అనే అర్థం ఎలా వచ్చిందో కూడా చూడాలి. నూటికి పావు భాగం కనుక పాతిక అయిందంటాను. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు పైసలయ్యాక పావలా సరిగ్గా 25 పైసలకు కుదిరింది. బేడ (రెండణాలు) 12½ దగ్గర, అణా 6¼ దగ్గర విరిగాయి. పదిహేనణాలు 93¾ పైసలు. పదహారు నూటిని నిశ్శేషంగా భాగించదు, చిక్కంతా అక్కడే.

తాటాకు: పాతిక సంవత్సరాలు అనడం పైసలకంటే పాతది. నూటికి వడ్డీ కట్టే లెక్కలో వెతకండి.

నల్లేరు: "కు" ఉందా లేదా అన్నది కూడా ఎవరైనా చూస్తారా?

సోలెడు: గణం తెలిస్తే చెప్పొచ్చు. సీసమా, ఆటవెలదా?