స్క్రిప్స్‌లో క్లైమేట్ పీహెచ్‌డీకి వస్తున్నాను, సలహా కావాలి

అందరికీ నమస్కారం. ఆంధ్రా యూనివర్సిటీలో మెటియోరాలజీ ఎమ్మెస్సీ అయింది. అమెరికాలోని శాన్ డియేగోలో ఉన్న స్క్రిప్స్ అనే సముద్ర పరిశోధన సంస్థలో పీహెచ్‌డీకి సీటొచ్చింది, సెప్టెంబర్‌లో చేరాలి. టాపిక్ ఇంకా తేలలేదు. మోడలింగ్ (వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కకట్టడం) అయితే తర్వాత ఉద్యోగాలకి పనికొస్తుందని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది.

జవాబు:

తమ్ముడూ, కంగ్రాట్స్. టాపిక్ కోసం ఇప్పుడే తల బద్దలు కొట్టుకోకు, మొదటి ఏడాది అంతా కోర్సులే. ఇక్కడ సెమిస్టర్లు ఉండవు, పది వారాల క్వార్టర్లు, పుస్తకం తెరిచేసరికి మిడ్‌టర్మ్ వచ్చి కూర్చుంటుంది, కాబట్టి ఫ్లూయిడ్ డైనమిక్స్ ఒక్కటీ ఇంటి దగ్గరే గట్టిగా చూసుకుని రా.

మోడలింగ్ చెయ్యి, వద్దనను. కానీ సముద్రాన్నీ గాలినీ నేరుగా కొలిచేవాళ్ళ దగ్గర కూడా కూర్చో, ఇది మాత్రం నొక్కి చెప్తున్నాను. స్క్రిప్స్‌కి రావడంలో ఉన్న లాభమే అది. ఇక్కడి పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన) దగ్గర 1916 నుంచి రోజూ సముద్రపు నీటి ఉష్ణోగ్రత కొలుస్తున్నారు. కార్బన్ డయాక్సైడ్ గ్రాఫ్ నువ్వు ఎమ్మెస్సీలో చూసే ఉంటావు, ఇక్కడి చార్లెస్ కీలింగ్ 1958 మార్చిలో హవాయిలోని మౌనా లోవా మీద మొదలుపెట్టిందే. అప్పుడు 313 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్ళకి ఇన్ని పాళ్ళు అని), 2025 మే నెల సగటు 430 దాటింది. ఆ లెక్కలో ఫ్లాస్కులతో గాలి పట్టే పని ఒకటుంది. పట్టే మనిషి ఊపిరి బిగబట్టి, గాలికి ఎదురుగా నిలబడి, గాజు ఫ్లాస్కు చాచి పట్టుకుని మూత తిప్పాలి. ఎందుకంటే మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో ఉన్నదానికి దాదాపు నూరు రెట్లు, పొరపాటున కలిస్తే ఆ శాంపిల్ పోయినట్టే. ఒక్కసారి అది దగ్గరుండి చూస్తే ఆ తర్వాత ఏ డేటా ఫైల్ తెరిచినా ఈ అంకె ఎలా వచ్చిందని అడగడం అలవాటవుతుంది, మోడల్ చేసేవాడికి కూడా అదే కావాలి.

ఆర్గో ఫ్లోట్లు, అంటే సముద్రంలో వాటంతటవే మునిగి తేలుతూ కొలిచే పరికరాలు, తయారుచేసే ల్యాబ్ కూడా ఇక్కడే ఉంది, వెళ్ళి చూడు. ప్రపంచ సముద్రాలన్నిటిలో ఇప్పుడు దాదాపు 4,000 తిరుగుతున్నాయి. వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ ఉండి, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకి దిగి, అక్కణ్ణుంచి వేడీ ఉప్పదనం కొలుచుకుంటూ పైకొచ్చి శాటిలైట్‌కి పంపిస్తాయి. పైకి రావడానికి మోటారు పంకా ఏమీ ఉండదు, లోపలి నూనెని బయట ఉన్న రబ్బరు సంచిలోకి పంపు చేస్తే బరువు మారకుండానే సైజు పెరిగి తేలుతుంది, అంతే. మన దేశంలో ఆర్గో డేటా చూసేది హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం, వాళ్ళ పేజీ ఇప్పటి నుంచే చూస్తూ ఉండు.

ఇంకో సంగతి, బంగాళాఖాతాన్ని వదిలెయ్యకు. అమెరికా వచ్చి ఇంకా మన సముద్రమేనా అని కొందరు మొహమాటపడతారు, అక్కర్లేదు. 2015లో స్క్రిప్స్ వాళ్ళు నడిపే రోజర్ రెవెల్ ఓడా, మన దేశపు పరిశోధన ఓడ సాగర్ నిధీ కలిసి అక్కడ పనిచేశాయి. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మన గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీళ్ళు, పైన వానలు, అన్నీ కలిసి ఉప్పునీటి మీద తేలికైన పొరలా పరుచుకుంటాయి. తుపాను మామూలుగా అడుగున ఉన్న చల్లటి నీటిని పైకి తోడి తన బలాన్ని తనే తగ్గించుకుంటుంది, ఈ పొర ఉన్న చోట ఆ తోడటం సరిగ్గా సాగదు, పైన వేడి అలాగే నిలిచిపోతుంది. హుద్‌హుద్ తుపాను చూసిన ఊరివాడివి, ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకొకరు:

అన్న సైన్స్ చెప్పారు, నేను డబ్బు సంగతి చెప్తా బాబూ. గైడ్‌ని మొహమాటం లేకుండా అడుగు, నా మీద గ్రాంట్ ఎన్నేళ్ళకి ఉంది, అది అయిపోతే టీఏ (క్లాసుల్లో సాయం చేసే టీచింగ్ అసిస్టెంట్ పని) దొరుకుతుందా అని. బయటివాళ్ళకి నాన్‌రెసిడెంట్ ట్యూషన్ అని అదనపు ఫీజు ఉంటుంది. అమెరికా పిల్లలు ఏడాది ఉంటే కాలిఫోర్నియా లెక్కలోకి వచ్చేస్తారు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా వాళ్ళం రాము. క్వాలిఫయింగ్ పరీక్ష దాటి క్యాండిడసీకి, అంటే థీసిస్ దశకి, వెళ్ళాక మూడేళ్ళ వరకు అది మాఫీ, అందుకే గైడ్ త్వరగా పరీక్ష ఇమ్మని తొందరపెడతారు, తప్పుగా అనుకోకు. ఎన్‌ఎస్‌ఎఫ్ (అమెరికా ప్రభుత్వ సైన్స్ సంస్థ) గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ సిటిజన్లకీ గ్రీన్‌కార్డ్ వాళ్ళకే, దాని మీద ఆశ పెట్టుకోకు. క్యాంపస్ హౌసింగ్‌కి ఈరోజే అప్లై చెయ్యి, బయట అద్దెలు చాలా ఎక్కువ. పెట్టెలో ఒక స్వెట్టర్ పడెయ్, మే, జూన్ నెలల్లో సముద్రం మీది మబ్బు మధ్యాహ్నం దాకా తొలగదు.

అడిగినవారు:

చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. ఓడ మీద వెళ్తే వీసా ఇబ్బంది అవుతుందా?

జవాబు:

ఓడ వేరే దేశం రేవులో ఆగితే తిరిగి రావడానికి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువులో ఉండాలి, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే స్టూడెంట్ వీసా పత్రం) మీద ట్రావెల్ సంతకం ఏడాది లోపుది అయి ఉండాలి. స్టాంపింగ్ గడువు అయిపోయి ఉంటే శాన్ డియేగోలో ఎక్కి శాన్ డియేగోలోనే దిగే ట్రిప్పులు చూసుకో, ఏదైనా సరే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు. వాంతుల మాత్ర మాత్రం ఓడ కదలకముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు.